రౌటర్‌కి జ్ఞాపకశక్తి వచ్చాక

(నెట్‌వర్క్ నిర్వహణలోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకి వినపడుతోందా? సరే.

ఒక ప్రశ్నతో మొదలెడతాను, చేతులెత్తి చెప్పండి. ఒక ప్యాకెట్, అంటే నెట్‌వర్క్‌లో పోయే డేటా ముక్క, బయల్దేరింది. దారిలో పన్నెండు రౌటర్లు దాటి గమ్యం చేరింది. బయల్దేరినప్పుడు దాని మీదున్న అడ్రస్‌లూ, చేరినప్పుడు ఉన్న అడ్రస్‌లూ ఒకటేనా? ఒకటే అనేవాళ్లు? సరే, దించండి. కాదు అనేవాళ్లు? బాగుంది, సగం సగం. ఇద్దరూ రైటే. పుస్తకం చదివి వచ్చినవాళ్లు ఒకటే అన్నారు, ఉద్యోగంలో దెబ్బలు తిన్నవాళ్లు కాదన్నారు.

ముందు పుస్తకం సంగతి చూద్దాం. ఇంటర్నెట్ పద్ధతులని రాసిపెట్టే పత్రాలని ఆర్ఎఫ్‌సీలు అంటారు. 1981 సెప్టెంబర్‌లో ఆర్ఎఫ్‌సీ 791 వచ్చింది. ఇప్పటికీ మనం వాడుతున్న ఐపీ నాలుగో వెర్షన్‌కి అదే ఆధారం. అందులో రౌటర్ పని ఎంత? ప్యాకెట్ వస్తుంది. గమ్యం చూస్తుంది. టేబుల్‌లో దారి వెతుకుతుంది. ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే టీటీఎల్ అనే అంకెని ఒకటి తగ్గిస్తుంది, దానికి తగ్గట్టు హెడర్‌లో, అంటే ప్యాకెట్ ముందుండే వివరాల్లో, తప్పులు పట్టే చెక్‌సమ్ అనే లెక్కని సరిచేస్తుంది, అవతలికి తోసేస్తుంది. తోసేసిన మరుక్షణం ఆ ప్యాకెట్‌ని మర్చిపోతుంది. ఈ మర్చిపోవడాన్ని గుర్తుపెట్టుకోండి. నవ్వకండి, నిజంగానే అంటున్నాను, ఈ రోజు నేను చెప్పబోయేదంతా దాని చుట్టూనే.

రౌటర్‌కి మతిమరుపే బలం. ఎందుకంటారా? ఒక రౌటర్ కరెంటు పోయి పడిపోయిందనుకోండి. ప్యాకెట్లు ఇంకో దారి పట్టుకుని పోతాయి. కొత్త దారిలో ఉన్న రౌటర్‌కి పాత సంగతులు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎందుకంటే పాత రౌటర్ కూడా ఏమీ దాచుకోలేదు. మాట్లాడుకునే రెండు కంప్యూటర్లకే ఆ సంభాషణ తెలుసు, మధ్యలో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

మరి అడ్రస్ మార్చాల్సిన అవసరం ఎక్కడ పడింది? ఐపీ అడ్రస్ 32 బిట్లు. లెక్క కడితే 429 కోట్ల చిల్లర. 1981లో అది అంతులేని సంఖ్య. తొంభైల మొదట్లోనే అది చాలదని తేలిపోయింది. 1994 మేలో ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ అని ఇద్దరు ఆర్ఎఫ్‌సీ 1631 రాశారు. నాట్, అంటే నెట్‌వర్క్ అడ్రస్ మార్పిడి, అని మనం పిలిచేది ఆ పత్రంతోనే అందరికీ తెలిసింది. వాళ్ల వాదన తేలికైనది. ఒక నెట్‌వర్క్‌లో వెయ్యి యంత్రాలున్నా, ఒక సమయంలో బయటివాళ్లతో మాట్లాడేవి కొన్నే. అలాంటప్పుడు అన్నిటికీ ప్రపంచంలో ఇంకెవరికీ లేని అడ్రస్ ఎందుకు? లోపల ఏవో నంబర్లు పెట్టుకోండి, అవే నంబర్లు ఇంకోచోట ఇంకొకరు పెట్టుకుంటారు, సరిహద్దు దగ్గర మాత్రం మార్చి పంపండి అన్నారు. అసలు పరిష్కారం సిద్ధమయ్యేదాకా ఇది తాత్కాలికం అని కూడా వాళ్లే రాశారు. తాత్కాలికం! మీ సర్వర్లలో తాత్కాలికం అని పేరు పెట్టిన స్క్రిప్టులు ఎన్నేళ్లుగా నడుస్తున్నాయో ఒకసారి తలుచుకోండి, చాలు.

లోపల పెట్టుకునే నంబర్లు ఏవో మీకు కంఠతా వచ్చు. 10తో మొదలయ్యేవి కోటీ 67 లక్షలు, 172.16 నుంచి 172.31 దాకా పది లక్షల పైచిలుకు, 192.168తో మొదలయ్యేవి 65,536. 1996 ఫిబ్రవరిలో ఆర్ఎఫ్‌సీ 1918 వీటిని ఖాయం చేసింది. అంతకుముందు 1994లోనే ఈ పద్ధతి వద్దని ఒక పత్రం వచ్చింది, ఆర్ఎఫ్‌సీ 1627. ఒక అడ్రస్ ప్రపంచమంతటికీ ఒకటే అనే నియమాన్ని వదులుకుంటే ఆనక ఇబ్బంది పడతాం అని దాని సారాంశం. ఎవరూ వినలేదు. ఆ ఇబ్బంది ఎలా ఉంటుందో కాసేపట్లో చూపిస్తాను.

ఇప్పుడు బోర్డు చూడండి. లోపల 192.168.1.5 ఉంది. అది 51000 పోర్ట్ నుంచి బయటి సర్వర్ 443 పోర్ట్‌కి ప్యాకెట్ పంపింది. పోర్ట్ అంటే ఒక యంత్రంలో ఏ ప్రోగ్రామ్‌దో చెప్పే నంబర్. సరిహద్దు డబ్బాకి, అంటే అడ్రస్ మార్చే రౌటర్‌కి, బయటివైపు ఉన్న పబ్లిక్ అడ్రస్ ఒక్కటే, 203.0.113.77 అనుకుందాం. డబ్బా ఏం చేస్తుంది? పంపినవాడి అడ్రస్ చెరిపి 203.0.113.77 అని రాస్తుంది. పోర్ట్ 51000 ఖాళీగా ఉంది కనుక అలాగే ఉంచుతుంది. అదే సమయానికి 192.168.1.6 కూడా 51000 నుంచే అదే సర్వర్‌కి పంపిందనుకోండి. ఇప్పుడు? రెండిటినీ 51000 అని పంపితే జవాబు వచ్చినప్పుడు ఎవరిదో తెలియదు. కాబట్టి రెండోదాని పోర్ట్‌ని 40001 అని మారుస్తుంది. ఇప్పటిదాకా బాగానే ఉంది. మరి జవాబు 203.0.113.77, పోర్ట్ 40001కి వచ్చినప్పుడు, ఇది 1.6దే అని డబ్బాకి ఎలా తెలుస్తుంది? ఎవరైనా?

ఆ, అంతే. రాసిపెట్టుకుంది. టేబుల్‌లో ఒక వరస. లోపలి అడ్రస్, లోపలి పోర్ట్, బయటి అడ్రస్, బయటి పోర్ట్, అవతలి సర్వర్, ప్రోటోకాల్. మర్చిపోవడమే పనిగా పుట్టిన యంత్రం చేతికి ఒక చిట్టా పుస్తకం ఇచ్చాం. అడ్రస్ మార్చడం పెద్ద పనే కాదండీ. ఐపీ హెడర్‌లో నాలుగు బైట్లు మారుతాయి, పోర్ట్ రెండు బైట్లు మారుతుంది, ఐపీ చెక్‌సమ్, టీసీపీ చెక్‌సమ్ సరిచేయాలి. టీసీపీ అంటే ఐపీ మీద నడుస్తూ, కనెక్షన్ పెట్టుకుని డేటా వరసగా చేరేలా చూసే పద్ధతి. టీసీపీ చెక్‌సమ్ ఎందుకు అంటే, అది లెక్కకట్టేటప్పుడు ఐపీ అడ్రస్‌లని కూడా కలుపుతారు కనుక. అదీ మొత్తం డేటా మళ్లీ చదవక్కర్లేదు, పాత విలువ తీసేసి కొత్త విలువ కలిపితే సరిపోతుంది. కష్టమంతా ఆ చిట్టాది.

చిట్టా అన్నాక మూడు ప్రశ్నలొస్తాయి. వరస ఎప్పుడు రాయాలి, ఎప్పుడు చెరపాలి, పుస్తకం నిండితే ఏం చేయాలి?

రాయడం లోపలినుంచి మొదటి ప్యాకెట్ బయల్దేరినప్పుడు. అంటే బయటినుంచి ఎవరైనా తమంతట తాము వస్తే? చిట్టాలో వరస లేదు. ఎవరికివ్వాలో తెలియదు. పారేస్తుంది. దీన్ని చూసి చాలామంది నాట్ ఉంది కదా, రక్షణ ఉన్నట్టే అనుకుంటారు. తలుపు వేసి ఉండడం వేరు, లోపల ఎవరున్నారో తెలియక వచ్చినవాణ్ణి తిప్పి పంపడం వేరు. నాట్ చేసేది రెండోది. ఫైర్‌వాల్ నియమాలు విడిగా రాసుకోండి.

ఇక చెరపడం. టీసీపీ అయితే ముగింపు ప్యాకెట్లు కనపడతాయి, సరే. కనెక్షన్ పెట్టుకోకుండానే పంపే యూడీపీ అని ఇంకో పద్ధతి ఉంది, దానికి మొదలూ లేదు, చివరా లేదు. అప్పుడు గడియారమే దిక్కు. 2007 జనవరిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 4787 యూడీపీ వరసని రెండు నిమిషాల లోపు చెరపకూడదంది, ఐదు నిమిషాలు ఉంచితే మంచిదంది. మరుసటి ఏడాది టీసీపీకి ఇంకో పత్రం, ఆర్ఎఫ్‌సీ 5382. అందులో 2 గంటల 4 నిమిషాలు అన్నారు. ఈ నాలుగు నిమిషాలేమిటి, అంత కచ్చితంగా? టీసీపీలో కీప్‌అలైవ్, అంటే కనెక్షన్ ఇంకా బతికుందా అని చూసే ప్యాకెట్, పెట్టుకుంటే మామూలుగా రెండు గంటలకోసారి పోతుంది. అది పోయి చేరేదాకా వరస బతికి ఉండాలి కదా, అందుకు ఆ పైన నాలుగు నిమిషాలు. డబ్బాలన్నీ అంత ఓపిక పడతాయా అంటే, పట్టవు. సర్వర్‌లోకి లాగినై, ఫోన్ వచ్చిందని లేచి వెళ్లి, తిరిగొచ్చి ఎంటర్ నొక్కితే తెర బిగుసుకుపోయి ఉంటుందే, ఎంతమందికి అయింది? అందరికీ. మీ కంప్యూటర్ కనెక్షన్ ఉందనే అనుకుంటోంది, సర్వరూ ఉందనే అనుకుంటోంది. మధ్యలో ఉన్న డబ్బా మర్చిపోయింది. పాత రౌటర్ మర్చిపోతే ఎవరికీ నష్టం లేదన్నాను. ఈ డబ్బా మర్చిపోతే సంభాషణే పోతుంది.

పుస్తకం నిండితే సంగతి ఒక్క మాటలో చెప్తాను. లైనక్స్ అయితే (అందులో ఈ చిట్టా పేరు కాన్‌ట్రాక్) కాన్‌ట్రాక్ టేబుల్ నిండింది, ప్యాకెట్ పారేస్తున్నాను అని లాగ్‌లో రాస్తుంది. రాసి నిజంగానే పారేస్తుంది. పాత కనెక్షన్లు నడుస్తుంటాయి, కొత్తవి ఒక్కటీ పుట్టవు. ఎవర్నడిగినా నాకు బాగానే ఉంది అనేవాళ్లు సగం, నాకు ఏదీ రావట్లేదు అనేవాళ్లు సగం ఉంటే ముందు అక్కడ చూడండి.

నా సంగతి ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక రాత్రి పాత సర్వర్ తీసి కొత్త సర్వర్ పెడుతున్నాం. సరిహద్దులో లైనక్స్ డబ్బా. బయటి అడ్రస్‌కి వచ్చేదాన్ని పాత సర్వర్‌కి పంపే నియమం ఉంది, దాన్ని కొత్త సర్వర్‌కి మార్చాను. బయటినుంచి ఒక పింగ్, అంటే ఉన్నావా అని అడిగే చిన్న ప్యాకెట్, ఆగకుండా నడుస్తోంది, జవాబు ఎటునుంచి వస్తుందో చూద్దామని పెట్టుకున్నాను. నియమం మార్చినా జవాబు పాత సర్వరే ఇస్తోంది. మళ్లీ మార్చాను. మళ్లీ అంతే. నియమాలన్నీ చెరిపేసి మళ్లీ రాశాను. పాత సర్వరే! రెండు గంటలు పట్టుకుని కూర్చున్నానండీ. చివరికి విసుగొచ్చి పింగ్ ఆపేశాను. మంచినీళ్లు తాగొచ్చి మళ్లీ పెట్టాను. కొత్త సర్వర్ పలికింది. నేనేమీ చేయలేదు!

ఏం జరిగిందంటే, లైనక్స్‌లో నాట్ నియమాలని ఒక సంభాషణలో మొదటి ప్యాకెట్ మాత్రమే చూస్తుంది. నియమం ప్రకారం చిట్టాలో వరస పడుతుంది. ఆ తర్వాత ప్యాకెట్లన్నీ చిట్టా చూసుకుని పోతాయి, నియమాల మొహం కూడా చూడవు. ఆగకుండా నడిచే పింగ్ అంతా ఒకే గుర్తింపు నంబర్‌తో పోతుంది కనుక డబ్బా లెక్కలో అదంతా ఒకే సంభాషణ. సెకనుకోసారి నేనే దాన్ని బతికిస్తున్నాను. నియమం మార్చాక కాన్‌ట్రాక్ ఎంట్రీలు తుడిచేయండి. ఈ ఒక్క మాట రాసుకోండి, మిగతావి రాసుకోకపోయినా పర్లేదు.

లోపల రాసిన అడ్రస్

ఇప్పటిదాకా కవరు మీద అడ్రస్ సంగతి మాట్లాడాం. మరి లోపలి కాగితం మీద కూడా అడ్రస్ రాసుంటే?

ఫైళ్లు పంపుకునే ఎఫ్‌టీపీ అలాంటిదే. ఫలానా అడ్రస్‌కి, ఫలానా పోర్ట్‌కి కనెక్ట్ అవ్వు, డేటా తీసుకుంటాను అని క్లయింట్ సర్వర్‌కి చెప్తుంది. అంకెలుగా కాదు, అక్షరాలుగా రాసి పంపుతుంది. పోర్ట్ అనే ఆదేశం, ఒక ఖాళీ, తర్వాత 192,168,1,5,200,13. చివరి రెండూ పోర్ట్ నంబర్. 200ని 256తో గుణించి 13 కలిపితే 51213. వరస చివర రెండు బైట్లు కలిపి మొత్తం 25 బైట్లు. సర్వర్‌కి ఇది చేరితే ఏమవుతుంది? 192.168.1.5 ఎక్కడుందో దానికెలా తెలుస్తుంది? కాబట్టి డబ్బా కవరు చించి లోపలి కాగితం కూడా దిద్దాలి. 203,0,113,77 అని రాయాలి. దిద్దింది. 192,168,1,5కి పదకొండు అక్షరాలు. కొత్తదానికి పన్నెండు. కాగితం ఒక బైటు పెరిగింది, 26 అయ్యింది.

ఒక్క బైటే కదా అంటారా? టీసీపీలో ప్రతి బైటుకీ వరస నంబర్ ఉంటుంది. సర్వర్ 26 బైట్లు అందాయి అంటుంది. క్లయింట్ 25 పంపితే 26 ఎలా అందాయి అంటుంది. అంచేత డబ్బా ఆ కనెక్షన్ ఉన్నంతసేపూ అటు పోయే ప్రతి ప్యాకెట్ వరస నంబర్‌కి ఒకటి కలపాలి, ఇటు వచ్చే ప్రతి రసీదు నంబర్‌లో ఒకటి తీసెయ్యాలి. చిట్టాలో ఇంకో గడి! ఈ గొడవ 1994 నాటి మొదటి పత్రంలోనే రాసి ఉంది. తెలిసే దిగారన్నమాట.

ఇలా లోపలి కాగితాలు దిద్దే అలవాటు ఎక్కడిదాకా పోయిందో చెప్తాను, ఇది నాకు భలే ఇష్టమైన సంగతి. నాట్ వెనకున్న కంప్యూటర్‌కి తన పబ్లిక్ అడ్రస్ ఏమిటో తనకే తెలియదు కదా. తెలుసుకోవడానికి స్టన్ అని ఒక పద్ధతి 2003లో వచ్చింది. బయట ఒక సర్వర్‌ని నేను నీకు ఏ అడ్రస్‌తో కనపడుతున్నాను అని అడగడం, అది జవాబులో అడ్రస్ రాసి పంపడం. ఇంతే. కానీ కొన్ని డబ్బాలు ఏం చేశాయంటే, వచ్చే జవాబు లోపల తమ పబ్లిక్ అడ్రస్ నాలుగు బైట్లు కనపడగానే, అబ్బో దీన్ని మార్చాలి కాబోలు అనుకుని లోపలి అడ్రస్‌గా దిద్దేశాయి! అద్దంలో మొహం చూసుకుందామని పోతే అద్దం మీద ఎవరో నీ పాత ఫొటో అంటించినట్టు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ. 2008లో స్టన్‌ని తిరగరాసినప్పుడు ఆ అడ్రస్‌ని ఒక నిర్ణీత సంఖ్యతో ఎక్స్ఆర్ అనే బిట్ల లెక్క చేసి, రూపం మార్చి పంపమన్నారు. రహస్యం కోసం కాదు, ఆ సంఖ్య అందరికీ తెలిసిందే. మధ్యలో ఉన్న అత్యుత్సాహం డబ్బా గుర్తుపట్టకూడదని, అంతే.

రెండు పక్కలా ఒకటే నంబర్లు

ఇందాక ఇబ్బంది అన్నాను కదా, అది ఇదే. రెండు సంస్థలు కలిశాయి. ఎడమ నెట్‌వర్క్ 192.168.1తో మొదలవుతుంది. కుడి నెట్‌వర్కూ అంతే. ఎడమవైపు 1.10 అనే కంప్యూటర్ కుడివైపు 1.20 సర్వర్‌తో మాట్లాడాలి. నేరుగా 192.168.1.20కి పంపితే? రౌటర్ దాకా రానే రాదు. అది మన నెట్‌వర్కే కదా అనుకుని తన పక్కనే వెతుకుతుంది. ఎడమవైపు 1.20 నంబర్‌తో ఒక ప్రింటర్ ఉందనుకోండి, జీతాల సర్వర్ తెరిస్తే ప్రింటర్ లాగిన్ పేజీ వస్తుంది.

పరిష్కారం, రెండు పక్కలా మార్పిడి. ఎడమవాళ్లకి కుడి నెట్‌వర్క్ 10.2.0గా కనపడాలి, కుడివాళ్లకి ఎడమ నెట్‌వర్క్ 10.1.0గా కనపడాలి. చివరి అంకె మారదు. 1.10 నుంచి 10.2.0.20కి ప్యాకెట్ బయల్దేరింది. మధ్యలో ఒకే డబ్బా పెట్టి రెండూ మార్చేస్తే పంపినవాడు 10.1.0.10, గమ్యం 192.168.1.20. ఇప్పుడు ఈ గమ్యానికి దారి ఎటు? డబ్బాకి ఎడమా 192.168.1, కుడీ 192.168.1. ఇరుక్కుపోయాం.

ఇక్కడే మార్పిడికీ రౌటింగ్‌కీ ఏది ముందు అనేది తేల్చుకోవాలి. లైనక్స్‌లో గమ్యం మార్పిడి దారి వెతకడానికి ముందు జరుగుతుంది, పంపినవాడి మార్పిడి దారి తేలాక జరుగుతుంది. ఎందుకలా? గమ్యం మారితే దారి మారుతుంది, అందుకని ముందే మార్చాలి. పంపినవాడి అడ్రస్ మారితే దారి మారదు, పైగా ఏ ఇంటర్‌ఫేస్ నుంచి బయటికి పోతుందో తేలితేగానీ ఏ అడ్రస్ పెట్టాలో తెలియదు. సబబుగానే ఉంది. కానీ మన కేసులో గమ్యం ముందే మార్చడం వల్లే ఇరుక్కున్నాం. ఒకే డబ్బాతో చేయాలంటే రెండు పక్కలకీ విడివిడి రౌటింగ్ టేబుళ్లు పెట్టాలి.

నన్నడిగితే రెండు డబ్బాలు పెట్టండి. ఎవరి సరిహద్దులో వాళ్లు, ఎవరి అడ్రస్ వాళ్లే మార్చుకోవాలి. ఎడమ డబ్బా 192.168.1.10ని 10.1.0.10 చేస్తుంది, గమ్యం ముట్టుకోదు. మధ్య లైన్ మీద 10.1.0.10 నుంచి 10.2.0.20కి పోతోంది, ఎక్కడా గందరగోళం లేదు. కుడి డబ్బా 10.2.0.20ని 192.168.1.20 చేస్తుంది. జవాబు ఇదే దారిలో తిరగబడి వస్తుంది. అయితే పేర్లకి అడ్రస్‌లు చెప్పే డీఎన్ఎస్‌ని మర్చిపోకండి. కుడివాళ్ల డీఎన్ఎస్‌ని ఎడమవాళ్లు అడిగితే అది 192.168.1.20 అనే చెప్తుంది, మళ్లీ ప్రింటర్ దగ్గర తేలతారు. పేర్లకి ఎడమవాళ్ల కోసం వేరే జవాబులు పెట్టాలి.

ఇందులో ఒక విశేషం గమనించారా? చిట్టా ఎక్కడుంది? అక్కర్లేదు. ముందు భాగం మార్చు, చివరి అంకె ఉంచు, ఇదంతా లెక్కే. డబ్బాని రీబూట్ చేసినా సంభాషణ తెగిపోవాల్సిన పనిలేదు. ఒకటికొకటి మార్చినంతసేపూ జ్ఞాపకం అక్కర్లేదు. పదిమందిని ఒక అడ్రస్ వెనక దాచినప్పుడే జ్ఞాపకం కావాలి. లైనక్స్ డబ్బా అలవాటు కొద్దీ చిట్టా రాసుకుంటుందనుకోండి, అది వేరే సంగతి.

అడ్రస్‌లు ఇంకా కరువయ్యాక, 2011 ఫిబ్రవరి 3న ప్రపంచానికి అడ్రస్‌లు పంచే ఐయానా దగ్గర ఖాళీ నిల్వ అయిపోయాక, సర్వీస్ ప్రొవైడర్లు కూడా తమ వైపు ఇంకో నాట్ పెట్టారు. ఆ మధ్య భాగానికని 2012లో 100.64 నుంచి 100.127 దాకా కేటాయించారు. మీ రౌటర్ బయటివైపు అడ్రస్ అందులోది అయితే పోర్ట్ ఫార్వార్డింగ్, అంటే బయటినుంచి వచ్చేదాన్ని లోపలి యంత్రానికి పంపే నియమం, ఎంత పెట్టినా లాభం లేదు, ఆ చిట్టా మీ చేతిలో లేదు. ఇంకొకటి, సర్వర్ లాగ్‌లలో అడ్రస్ ఒక్కటే రాస్తే ఇప్పుడు సరిపోదు. పోర్ట్, సమయం కూడా రాయండి. ఒకే అడ్రస్ వెనక ఎందరున్నారో!

ఇక ప్రశ్నలు. చెప్పండమ్మా.

ఐపీ ఆరో వెర్షన్ వస్తే ఇదంతా పోతుందా అని అడుగుతున్నారు. 128 బిట్లు కనుక పొదుపు కోసం దాచాల్సిన అవసరం పోతుంది. కానీ ఆరో వెర్షన్ మాత్రమే ఉన్న ఫోన్, నాలుగో వెర్షన్ మాత్రమే ఉన్న సర్వర్‌తో మాట్లాడాలంటే? దానికి 2011 ఏప్రిల్‌లో నాట్64 వచ్చింది. గమ్యం అడ్రస్ చూడండి, నాలుగో వెర్షన్ 32 బిట్లని ఆరో వెర్షన్ అడ్రస్ చివర్లో ఇరికిస్తారు. తీసుకోవడం లెక్కే. పంపినవాడి 128 బిట్లని మాత్రం 32లో ఇరికించలేం, అందుకు మళ్లీ చిట్టా. సగం లెక్క, సగం జ్ఞాపకం. డీఎన్ఎస్‌ని పేరు అడక్కుండా నేరుగా నాలుగో వెర్షన్ అడ్రస్ వాడే యాప్‌లు ఉంటాయి కదా, వాటి కోసం ఫోన్ లోపలే ఇంకో చిన్న మార్పిడి పెట్టారు. అది లెక్క రకమే, చిట్టా లేనిది. మొబైల్ డేటా ఆన్ చేసి ఫోన్‌లో ఐపీ అడ్రస్ చూడండి. 192.0.0తో మొదలయ్యేది ఒకటి కనపడితే ఆ మార్పిడి మీ జేబులోనే నడుస్తోందన్నమాట.

అదిగో, వెనక ఎవరో అప్పుడే ఫోన్ తీశారు. ఏముంది బాబూ? 192.0.0.4? ఆ, అదే.